ఓడిన 18 సెంట్లు, మిగిలిన 30 రోజులు

ప్రశ్న: సార్, మాది కృష్ణా డెల్టాలో ఒక పల్లె. మా పశువుల చావిడి, గడ్డివామి ఉన్న 18 సెంట్ల స్థలం తనదేనంటూ మా చినతాత మనవడు, అంటే నాకు వరసకు అన్న, నాన్న మీద జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో దావా వేశాడు. హక్కు తనదని డిక్లరేషన్ ఇచ్చి స్థలం స్వాధీనం చేయించాలని అడిగాడు. దావా నడుస్తుండగానే నాన్న పోయారు. వారసులుగా అమ్మనీ నన్నూ చెల్లెల్నీ చేర్చారు. జూన్ 10న తీర్పు మాకు వ్యతిరేకంగా వచ్చింది, రెండు నెలల్లో స్థలం అప్పగించాలట. తీర్పు ఈకోర్ట్స్ సైటులో చదివాం. 'ప్రతివాదులు తమ హక్కును రుజువు చేసుకోలేకపోయారు' అని రాశారు. అప్పీలుకు 30 రోజులని ఒకరు, 90 అని ఒకరు చెబుతున్నారు. మా బావ నేరుగా హైకోర్టుకే వెళ్దామంటున్నాడు. అప్పీలు వేస్తే తీర్పు ఆగిపోయినట్టేనా? మొన్న అటక మీద తాతగారి ట్రంకుపెట్టెలో 1961 నాటి పారీఖత్తు, అంటే ఆస్తి పంపకాల కాగితం దొరికింది. దాన్ని ఇప్పుడు చూపించవచ్చా? ఇవి చాలవన్నట్టు అన్నయ్య లాయరు దగ్గర్నుంచి 'కేవియట్' అని రిజిస్టరు పోస్టు వచ్చింది. ఇది ఇంకో కేసా? అమ్మ అన్నం సరిగ్గా తినడం లేదు.

జవాబు: ముందు ఆ రిజిస్టరు పోస్టు సంగతి తేల్చేద్దాం, అమ్మగారి చేత అన్నం తినిపించవచ్చు. కేవియట్ కేసు కాదు. 'వీళ్ళు అప్పీలు వేసి స్టే అడిగితే, నా మాట వినకుండా ఆర్డరు ఇవ్వకండి' అని అవతలి పక్షం కోర్టుకు ముందే పెట్టుకునే విన్నపం. వేసిన నాటి నుంచి 90 రోజులు పనిచేస్తుంది. దానికి మీరు జవాబు ఇవ్వనక్కర్లేదు, కోర్టుకు వెళ్ళనక్కర్లేదు. కాకపోతే ఆ కవరు పారేయకుండా మీ లాయరుకు ఇవ్వండి. మీరు వేయబోయే స్టే పిటిషను కాపీ ముందుగా వాళ్ళ లాయరుకు అందించాలి. లేకపోతే ఆ ఒక్క కారణంతో వాయిదా పడుతుంది. నిజానికి కేవియట్ వచ్చిందంటే మీరు అప్పీలుకు వెళ్తారని మీ అన్నయ్య కూడా లెక్కేసుకున్నాడనే అర్థం.

ఇక రోజుల లెక్క. 30, 90 రెండూ నిజమే. హైకోర్టులో వేసే అప్పీలుకు 90 రోజులు, కింది కోర్టుల్లో వేసేదానికి 30. 1963 నాటి లిమిటేషన్ చట్టంలో 116వ ఆర్టికల్ అది. జూనియర్ సివిల్ జడ్జి తీర్పు మీద మీ అప్పీలు వెళ్ళేది జిల్లాలోనే పైనున్న కోర్టుకు, అంటే సీనియర్ సివిల్ జడ్జి కోర్టుకో జిల్లా జడ్జి కోర్టుకో. కాబట్టి మీకు 30 రోజులే. బావగారిది మంచి మనసే. హైకోర్టు ఇప్పుడు అమరావతిలో, నేలపాడులో ఉంది. ఒకప్పుడు మా సీనియరు గారు కేసు కట్టలు సంచిలో పెట్టుకుని రాత్రి రైల్లో హైదరాబాదు వెళ్ళేవారు. 2019 జనవరి 1 నుంచి మీ జిల్లాల వాళ్ళకు ఆ బాధ తప్పింది. కానీ హైకోర్టు బస్సు దూరంలో ఉన్నంత మాత్రాన మధ్యలో ఉన్న మెట్టు మాయమైపోదు. అక్కడ వేస్తే రిజిస్ట్రీ, అంటే హైకోర్టు ఆఫీసు, వెనక్కి ఇచ్చేస్తుంది, ఈలోగా ఇక్కడి 30 రోజులు కరిగిపోతాయి.

ఆ 30 రోజులను ఎలా లెక్కపెడతారో చెబుతాను, చాలామంది తప్పు చేసేది ఇక్కడే. తీర్పు వచ్చిన రోజు లెక్కలోకి రాదు. జూన్ 11 మొదటి రోజు, జూలై 10 ముప్పయ్యో రోజు. దీనికి తీర్పు సర్టిఫైడ్ కాపీ కోసం పట్టిన రోజులు కలుస్తాయి. జూన్ 16న మీ లాయరు గుమస్తా కాపీ అప్లికేషను వేశారనుకోండి, జూన్ 27న కాపీ తయారైందనుకోండి. రెండు తేదీలూ కలుపుకుని పన్నెండు రోజులు. అప్పుడు గడువు జూలై 22 దాకా సాగుతుంది. సైటులోంచి తీసిన ప్రింటు చదువుకోవడానికే పనికొస్తుంది. అప్లికేషను పడకపోతే ఒక్క రోజు కూడా కలవదు.

సర్టిఫైడ్ కాపీ చేతికి రాగానే తీర్పు కంటే ముందు దాని మీదున్న రబ్బరు స్టాంపు చూడండి. అందులో వరసగా తేదీలుంటాయి, చేత్తో నింపుతారు: అప్లికేషను వేసిన రోజు, ఛార్జీలు అడిగిన రోజు, కట్టిన రోజు, కాపీ తయారైన రోజు, ఇచ్చిన రోజు. కోర్టు మీకు వదిలేసేది కాపీ తయారైన రోజు వరకే. మీరు తీరిగ్గా వెళ్ళి తెచ్చుకున్న రోజు దాకా కాదు. ఛార్జీల లిస్టు నోటీసు బోర్డు మీద పెట్టాక కట్టడానికి మీరు వారం తీసుకుంటే ఆ వారం మీ ఖాతాలోదే. నా దగ్గరికి ఒక రైతు వచ్చారు, కాపీ తయారయ్యాక మూడు వారాలు దాన్ని కౌంటరులోనే వదిలేశారు. ఎందుకయ్యా అంటే నాట్లు పడుతున్నాయండీ అన్నారు. పద్నాలుగు రోజుల ఆలస్యానికి పిటిషను, అఫిడవిట్టు, దానికి అవతలివాళ్ళ జవాబు, వాయిదాలు. అసలు అప్పీలుకు నంబరు పడేసరికి మళ్ళీ నాట్లు వచ్చాయి.

ఆలస్యాన్ని క్షమించే అధికారం కోర్టుకు ఉంది, లిమిటేషన్ చట్టం 5వ సెక్షను. తగిన కారణం చూపించాలి. 1987లో కాతీజీ కేసులో సుప్రీంకోర్టు దీన్ని ఉదారంగా చూడమంది, 'ప్రతి రోజు ఆలస్యానికీ సంజాయిషీ' అన్న మాటను చాదస్తంగా పట్టుకోవద్దంది. అది చూసుకుని ధీమాగా ఉండేవాళ్ళున్నారు. వాళ్ళకు నేను ఇంకో కేసు చెబుతాను. తెలుగుగంగ ప్రాజెక్టుకు భూములు పోయిన కుటుంబాల వారసులు పరిహారం విషయంలో 5,659 రోజులు ఆలస్యంగా అప్పీలు తెచ్చారు. 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కూడా కుదరదంది. మాకు తెలియదు, పెద్దాయన పోయారు అన్న కారణాలు నిలబడలేదు. మీ నాన్నగారు పోయిన దుఃఖం నిజమే. కానీ తీర్పు వచ్చేనాటికి మీరు ముగ్గురూ రికార్డులో ఉన్నారు కాబట్టి ఆ మాట మీకు అక్కరకు రాదు.

తేదీల మీద ఇంతసేపు ఎందుకు పెట్టానంటే, ఈ అప్పీలు మీకు మొదటిదే అయినా వాస్తవాల మీద ఆఖరిది. 'ఇక్కడ పోతే హైకోర్టులో చూసుకుందాం, అక్కడ పోతే సుప్రీంకోర్టు' అనే మాట కోర్టు ఆవరణలో టీ కొట్టు దగ్గర రోజూ వింటాను. పైకి వెళ్ళేకొద్దీ తలుపు సన్నబడుతుంది. జిల్లాలో మీరు వేసే మొదటి అప్పీలులో జడ్జిగారు కింది కోర్టు రికార్డు మొత్తం తెప్పించుకుంటారు. సాక్షులు చెప్పింది, దస్తావేజులు, స్థలం చూసి రమ్మని కోర్టు పంపిన కమిషనరు రిపోర్టు, అన్నీ మళ్ళీ తూచి, కింది జడ్జి నమ్మినదాన్ని నమ్మకపోవచ్చు. అలా తూచడం ఆయన బాధ్యత అని 2001లో సంతోష్ హజారీ కేసులో సుప్రీంకోర్టు గట్టిగానే చెప్పింది. ఆ తర్వాత హైకోర్టులో వేసేది సెకండ్ అప్పీలు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 100వ సెక్షను కింద అక్కడ గణనీయమైన చట్టపు ప్రశ్న ఉంటేనే అడ్మిట్ చేస్తారు. 1976 సవరణ నుంచి ఆ తలుపు ఇంకా బిగిసింది. గడ్డివామి ఎవరు వేశారు, గట్టు ఎవరిది అనేవి అక్కడ దాదాపు ముగిసిన సంగతులు. సుప్రీంకోర్టు సంగతి చెప్పనక్కర్లేదు. రాజ్యాంగం 136వ ఆర్టికల్ కింద అది హక్కు కాదు, అనుమతి. కాబట్టి దాచుకున్న డబ్బు, ఓపిక, మంచి లాయరు, అన్నీ ఈ మొదటి అప్పీలుకే పెట్టండి.

ఇప్పుడు మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన వాక్యం. 'ప్రతివాదులు తమ హక్కును రుజువు చేసుకోలేకపోయారు.' మీకది శిక్షలా కనిపించింది, నాకు అప్పీలులో మొదటి పేరాలా కనిపించింది. డిక్లరేషన్ దావా వేసింది మీ అన్నయ్య. స్థలం తనదని రుజువు చేయాల్సిందీ ఆయనే. వాది తన బలంతో గెలవాలి కానీ ప్రతివాది బలహీనతతో కాదు. 2014లో వాసవి కోఆపరేటివ్ హౌసింగ్ సొసైటీ కేసులో, అదీ మన సికింద్రాబాద్ భూమి గురించే, సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. రెవెన్యూ రికార్డుల్లో పేరున్నంత మాత్రాన హక్కు రాదని కూడా అదే తీర్పులో ఉంది. ఇక మీరు పెన్సిలు పట్టుకుని తీర్పు చదవండి. మీ అన్నయ్య హక్కుకు కోర్టు చూపించిన ఆధారం ఏమిటి? పాస్‌బుక్కూ అడంగలూ తప్ప ఇంకేమీ లేకపోతే మీకు పట్టు దొరికినట్టే. రిజిస్టర్డ్ దస్తావేజు ఏదైనా ఉంటే కథ వేరు, అప్పుడు అంత ఆశ పెట్టుకోవద్దు.

చదివేటప్పుడు ఇంకో పని చేయండి. క్రాస్ ఎగ్జామినేషన్‌లో మీ లాయరు అడిగినప్పుడు మీ అన్నయ్య ఒప్పుకున్న మాటలు తీర్పులో ఎక్కడైనా వచ్చాయా అని చూడండి. 'చావిడి నాకు ఊహ తెలిసినప్పటి నుంచి అక్కడే ఉంది' లాంటి ఒక్క వాక్యం వాంగ్మూలంలో ఉండి తీర్పులో లేకపోతే, అది అప్పీలుకు గ్రౌండు, అంటే కారణం. మీ తరఫున కోర్టులో నంబరు వేసి గుర్తు పెట్టిన దస్తావేజుల్లో, అంటే ఎగ్జిబిట్లలో, దేని ఊసైనా ఎత్తకుండా వదిలేశారా అనేది ఇంకొకటి. అడ్వకేట్ కమిషనరు వచ్చి సర్వేయరుతో కొలిపించి ఉంటే, ఆ రిపోర్టు మీద మీరు అభ్యంతరాలు వేశారో లేదో కనుక్కోండి. వేయకపోతే అది మీకు నొప్పే, ముందే తెలుసుకోవడం మంచిది. 'తీర్పు న్యాయానికి, సాక్ష్యానికి విరుద్ధం' అని ఊరికే నాలుగు లైన్లు కొట్టి దాన్ని అప్పీలు గ్రౌండ్సు అనే అలవాటు మా వాళ్ళలో ఉంది. నాలో కూడా కొన్నాళ్ళు ఉండేది. మీ అప్పీలులో పేజీ నంబరు, ఎగ్జిబిట్ నంబరు, సాక్షి చెప్పిన మాట ఉండాలని పట్టుబట్టండి.

అప్పీలు వేస్తే తీర్పు ఆగుతుందా అన్నారు. ఆగదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 41వ ఆర్డరులో 5వ రూలు ఈ మాట సూటిగానే చెబుతుంది. స్టే విడిగా అడగాలి. అడగకపోతే మీ అప్పీలు ఒక హాల్లో, తీర్పు అమలు కోసం వాళ్ళు వేసే ఈపీ ఇంకో హాల్లో నడుస్తాయి. ఒకరోజు కోర్టు అమీనా స్థలం అప్పగించమనే డెలివరీ వారెంటుతో చావిడి ముందు నిలబడతాడు. మీకు రెండు నెలల గడువు ఇచ్చారు కాబట్టి ఆగస్టు 10 దాకా ఊపిరి ఉంది, అంతకుముందే అప్పీలుతో పాటు స్టే పిటిషను వేయాలి. అప్పీలు తయారు కాకపోతే, గడువు లోపల తీర్పిచ్చిన కోర్టునే కొన్నాళ్ళు ఆపమని అడిగే దారి కూడా అదే రూల్లో ఉంది. స్థలం స్వాధీనంలో ఉన్నదెవరు, అప్పగిస్తే జరిగే నష్టం ఏమిటి, ఈ రెండూ స్పష్టంగా రాయాలి. చావిడి పీకేస్తే తర్వాత గెలిచీ లాభం లేదు, పాలిచ్చే గేదెలు ఎన్ని ఉన్నాయో కూడా రాయండి. ఆలోగా మీరు అక్కడ కొత్త గోడ కట్టడం, చెట్టు కొట్టడం లాంటివి చేయకండి. స్టే రోజున అవతలివాళ్ళు ఫోన్లో ఫొటోలతో సిద్ధంగా ఉంటారు.

పారీఖత్తు దగ్గరికి వద్దాం. మీ ఆశంతా దాని మీదే ఉందని తెలుసు, అందుకే నిజం చెప్పాలి. అప్పీలులో కొత్త దస్తావేజు పెట్టడం హక్కుగా రాదు. 41వ ఆర్డరు 27వ రూలు కింద విడిగా పిటిషను వేసి, తగినంత శ్రద్ధ పెట్టినా దావా రోజుల్లో ఇది మాకు తెలియలేదు, దొరకలేదు అని మీరు ఒప్పించాలి. నాన్నగారు పోవడం, పెట్టె అటక మీద ఉండిపోవడం, ఎప్పుడు, ఎందుకు దించారు, అప్పుడు పక్కన ఎవరున్నారు, ఇవన్నీ జరిగింది జరిగినట్టు అఫిడవిట్టులో రాయండి. ఒక్క అబద్ధం కలిపినా కాగితం మొత్తం అనుమానంలో పడుతుంది. దావాకు జవాబుగా నాన్నగారు వేసిన రిటన్ స్టేట్‌మెంటు తీసి చూడండి. అందులో 1961 పంపకాల ప్రస్తావన ఉందా? ఉంటే ఈ కాగితానికి కాళ్ళున్నట్టు. అసలు ఆ ఊసే లేకపోతే, ఆ స్టేట్‌మెంటులో (ప్లీడింగులో) లేని సంగతికి సాక్ష్యం నిలవదని అవతలి లాయరు మొదటి నిమిషంలోనే అంటారు.

తర్వాత ఆ కాగితంలో ఉన్న భాష. 'ఈరోజు మనం ఇలా పంచుకుంటున్నాం' అని ఉంటే అది పంపకాల దస్తావేజే. దానికి రిజిస్ట్రేషను తప్పనిసరి, లేకపోతే హక్కు రుజువుకు తీసుకోరు. 'ఫలానా నాడు నోటిమాటగా పంచుకున్నాం, ఎవరికి ఏది వచ్చిందో గుర్తు కోసం రాసుకుంటున్నాం' అని ఉంటే అది జరిగిపోయిన పంపకాల జ్ఞాపక పత్రం, రిజిస్ట్రేషను అక్కర్లేదు. మన పాత లేఖరులు ఈ రెండింటినీ కలిపి రాసేసేవారు, క్రియాపదం దగ్గరే పోట్లాట. మొదటి రకానికి స్టాంపు డ్యూటీ, పదిరెట్ల పెనాల్టీ కట్టి స్వాధీనం లాంటి పక్క విషయం కోసమైనా చూడమని అడగవచ్చు. మీరు కాపీ పంపలేదు కాబట్టి ఏ రకమో నేను చెప్పలేను. మీ లాయరు చేత ఆ నాలుగు వాక్యాలు పైకి చదివించండి.

లాయరును మార్చాలా అని మీరు అడగలేదు గానీ, ఓడాక ఆ ఆలోచన ఎవరికైనా వస్తుంది. అప్పీలుకు ఎలాగూ కొత్త వకాలత్తే, ఇంకొకరి చేత వేయించుకోవచ్చు. పాత లాయరు దగ్గర కేసు కట్ట మర్యాదగా అడిగి తెచ్చుకోండి. ఫీజు బాకీ ఉందని కేసు కాగితాలు పట్టుకుని కూర్చునే హక్కు లాయరుకు లేదని 2000లోనే సుప్రీంకోర్టు తేల్చింది. బాకీ ఉంటే మాత్రం తీర్చేయండి. కోర్టు ఫీజు దావాకు కట్టినట్టే అప్పీలుకూ కట్టాలి. డబ్బు ఇబ్బందైతే అమ్మగారి పేరు మీద జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్ళండి. మహిళలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. 15100కి ఫోను చేస్తే దారి చెబుతారు. ముగ్గురి మీదా వచ్చిన డిక్రీ (తీర్పు ప్రకారం కోర్టు ఇచ్చే ఉత్తర్వు) ఒకే కారణం మీద ఆధారపడి ఉంటే అమ్మగారు ఒక్కరే అప్పీలు వేసినా సరిపోతుంది, కానీ మీరు ముగ్గురూ సంతకాలు పెడితేనే నాకు ఇష్టం. చెల్లెలి సంతకం లేకపోతే రేపు ఆమెను అవతలివాళ్ళు ఏదో ఒక కాగితం మీద సంతకం పెట్టమని పలకరిస్తారు.

అప్పీలు నడుస్తుండగా రాజీకి దారి మూసుకుపోదు. లోక్ అదాలత్‌లో కుదిరితే కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది, ఆ అవార్డు మీద మళ్ళీ అప్పీలు ఉండదు. 18 సెంట్లలో చావిడి ఎన్ని సెంట్లలో ఉందో మీకే తెలియాలి. స్టే చేతిలో ఉన్నాక మాట్లాడితే అన్నయ్య మాట తీరు వేరుగా ఉంటుంది, అంతకుముందు పెద్దమనుషుల దగ్గరికి వెళ్ళి రోజులు పోగొట్టుకోకండి. సోమవారం గ్రీవెన్సులో కలెక్టరుగారికి అర్జీ ఇద్దామని ఎవరైనా అంటే దండం పెట్టి పంపేయండి, సివిల్ కోర్టు డిక్రీని ఆయన మార్చలేరు.

రేపు పొద్దున్నే చేయాల్సింది కోర్టులో కాపీలిచ్చే కాపీయింగ్ సెక్షనుకు వెళ్ళి, మీ పేరు మీద అప్లికేషను పడిందో లేదో నంబరుతో సహా చూసుకోవడం. గుమస్తా 'వేశాం' అన్నారు అంటే చాలదు. పడకపోతే అప్పటికప్పుడు వేయించి రసీదు తీసుకోండి.

ఆ పారీఖత్తును మాత్రం లామినేషను చేయించకండి. చిరుగులకు టేపు కూడా వేయకండి. సిరా, కాగితం, వేలిముద్రలు కోర్టు చూడాల్సినవి. ముప్పై ఏళ్ళు దాటిన కాగితం, ఉండాల్సిన వాళ్ళ దగ్గరే దొరికితే, అది అసలైనదేనని కోర్టు అనుకోవడానికి చట్టంలో వీలుంది. అందుకని ట్రంకుపెట్టె కూడా అలాగే ఉంచండి, అందులో మిగిలిన శిస్తు రసీదులు, ఉత్తరాలు కదపకండి. అమ్మగారిని కూర్చోబెట్టి అడగండి, కింద సాక్షి సంతకాల్లో ఒక్కటైనా ఆవిడ గుర్తుపడతారేమో.